మట్టిలో ఆట మాన్పించకండి.. కుక్క గీరిన సంగతి వదిలేయకండి

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. ప్లేస్కూల్‌లో రోజూ గంటన్నర సేపు చెట్ల కింద, ఇసుకలో, మట్టిలో ఆడిస్తున్నారు. ఇంటికొచ్చేసరికి గోళ్ల నిండా మట్టే. రోగాలొస్తాయి, మాన్పించమని మా అత్తమ్మ అంటున్నది. ఇమ్యూనిటీకి ఏ సిరప్ మంచిది? చాటుగా మట్టి, గోడ సున్నం తింటున్నాడని మెడికల్ షాపులో అడిగి నెలనెలా నులిపురుగుల మందు పోస్తున్నాం. పోయిన వారం అక్కడ తిరిగే కుక్కపిల్ల గీరితే కొంచెం రక్తం వచ్చింది. పసుపు పెట్టాం, మానిపోయింది.
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మట్టి సంగతి తర్వాత. ఇది చదివిన రోజే బాబును వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి గానీ, దగ్గర్లోని సర్కారు దవాఖానకు గానీ తీసుకెళ్లండి. రక్తం వచ్చిందంటే మూడో కేటగిరీ, అంటే అన్నిటికన్నా ముప్పు ఎక్కువున్న గాయం కింద లెక్క. రేబిస్ టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా అవసరం పడుతుంది. వారం గడిచింది కదా అని ఊరుకోవద్దు, టీకా ఇంకా మొదలే కాలేదు కాబట్టి ఇప్పటికీ రెండూ వేస్తారు. చర్మంలోకి వేసే టీకా అయితే మొదటి రోజును సున్నాగా లెక్కబెట్టి 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. నేను బాబును చూడలేదు, ఏది ఎంత అన్నది అక్కడి డాక్టరే తేల్చాలి.

గాయం మానడం వేరు, రేబిస్ ముప్పు తప్పడం వేరు అమ్మా. కుక్క తన పంజాలు నాకుతుంది, గోళ్లకు లాలాజలం అంటి ఉంటుంది. వైరస్ నరాల వెంట మెదడుకు చేరడానికి వారాలు, నెలలు పట్టొచ్చు. లక్షణాలు మొదలయ్యాక బతికించుకోవడం దాదాపు అసాధ్యం. కుక్కపిల్లే కదా అనుకోవద్దు, కుక్కపిల్లలకూ రేబిస్ వస్తుంది. కుక్కను పది రోజులు గమనించొచ్చు, అయితే అది టీకా మొదలుపెట్టాక చేసే పని. ఇకముందు గీత పడితే పసుపు, కారం, సున్నం జోలికి పోకుండా పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి మరీ కడగండి, రెండు నిమిషాలకే అయిపోయిందనిపిస్తుంది.

ఇక మట్టి తినడం. మట్టిలో ఆడినందుకు వచ్చిన అలవాటు కాదిది. నాలుగేళ్లకు కూడా మట్టి, సున్నం వెతుక్కుంటున్నాడంటే ముందు ఐరన్ లోపాన్ని అనుమానించాలి. హిమోగ్లోబిన్, వీలైతే ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష) చేయించండి. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనతే. రోజుకు అరలీటరు మించి పాలు, అన్నం తినగానే చాయ్.. రెండూ ఐరన్‌కు అడ్డే. పాత పెయింట్ పెచ్చులు తింటుంటే అందులో ఉండే సీసం (లెడ్ అనే విషలోహం) గురించి కూడా డాక్టర్‌కు చెప్పండి. నెలనెలా నులిపురుగుల మందు ఆపేయండి. రెండేళ్లు దాటిన పిల్లలకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఆరు నెలలకోసారి చాలు, అంగన్‌వాడీలో ఉచితంగానే వేస్తారు. ఐరన్ సిరప్ కూడా సొంతంగా కొనకండి, మోతాదు మించితే చిన్నపిల్లలకు విషమే.

ఆట మాన్పించొద్దు. ఈ వయసుకు రోజు మొత్తంలో మూడు గంటల కదలిక, అందులో ఒక గంట ఒళ్లు అలిసే ఆట ఉండాలి. పగటి వెలుతురులో గడిపితే హ్రస్వదృష్టి (దూరంవి మసకగా కనబడడం) ముప్పు కూడా తగ్గుతుంది. ఇమ్యూనిటీ సిరప్ అవసరం లేదు. ఐదేళ్లకు వేయించాల్సిన డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్ మాత్రం మరిచిపోకండి.

స్కూల్ వాళ్లను అడగాల్సినవి ఉన్నాయి. ఇసుక గుంతపై రాత్రిళ్లు టార్పాలిన్ కప్పుతున్నారా? కుక్క, పిల్లి మలంలోని పురుగు గుడ్లు రోగం అంటించే దశకు రావడానికి వారాలు పడుతుంది, అందుకే ఏ రోజుది ఆ రోజే తీసేయాలి. తినేముందు సబ్బుతోనే కడిగించాలి, శానిటైజర్‌కు ఆ గుడ్లు చావవు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద, ఆముదం మొక్కలు పిల్లలకు అందే చోట ఉండకూడదు. వయ్యారిభామను పూత రాకముందే పీకించాలి, దురదలకు, తుమ్ములకు అదొక కారణం. మన దగ్గర మార్చి దాటితే ఆట పొద్దున తొమ్మిదిలోపే ముగియాలి. చింతగింజలతో ఆడిస్తే పక్కన పెద్దవాళ్లుండాలి. ఒక ముక్కురంధ్రం నుంచే వాసనతో చీమిడి కారుతుంటే లోపల గింజ ఉందేమో అనుకోండి, పిన్నీసుతో కెలకకుండా చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

రక్తపరీక్ష రిపోర్టు వచ్చాక రాయండి. మొదటి టీకా ఏ తేదీన వేయించారో కూడా అందులో ఉండాలి.