మారిన బ్యాక్టీరియానా, మార్చిన బ్యాక్టీరియానా?

సందేహం: బడి పత్రిక కోసం "కణంలోకి పంపే బ్యాక్టీరియా" అన్న పేరుతో వ్యాసం రాశాను. అందులో "మారిన బ్యాక్టీరియా కణంలో మందును పంపుతుంది" అన్న వాక్యం ఉంది. తోటి ఉపాధ్యాయురాలు "కణంలోకి" అని దిద్దారు. మా దిక్కు "కణంల పంపుతది" అంటాం. ఏది సరైనది?
– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, హనుమకొండ

సమాధానం: మీరు అడిగింది విభక్తి గురించి. కానీ ఆ వాక్యంలో ముందుగా దిద్దవలసింది "మారిన" అన్న మాటను. మారు అకర్మకం, మార్చు సకర్మకం. మందులకు లొంగకుండా తనంతట తాను మారిన బ్యాక్టీరియా రోగికి ముప్పు. ప్రయోగశాలలో జన్యువులు చేర్చి మనిషి మార్చిన బ్యాక్టీరియా చికిత్సకు సాధనం. ఒక్క చకారం పోతే చదివే పిల్లలకు అర్థం తలకిందులవుతుంది.

ఇక లో, లోకి. పడు, వేయు, పోయు వంటి క్రియలకు "లో" చాలు: బావిలో పడింది, కూరలో ఉప్పు వేసింది. వెళ్లు, వచ్చు, పంపు "లోకి"ని కోరతాయి. కనుక ఆమె దిద్దుబాటు సరైనదే. ఈ తేడా మీ పలుకుబడికీ తెలుసు: "బొక్కెన బాయిల వడ్డది" అంటారు, "బాయిలకు దిగిండు" అంటారు. ఆ లెక్కన "కణంలకు పంపుతది" అనాలి. అది తప్పేమీ కాదు, రాతలోనే చిక్కు. "చెరువులకు నీళ్లచ్చినయి" అని రాస్తే ఒక చెరువులోకా, చాలా చెరువులకా? మాట్లాడేటప్పుడు సందర్భం తేలుస్తుంది, అచ్చులో తేలకపోవచ్చు. అందుకే వ్యాసంలో "లోకి" అని రాయండి.

అసలు చిక్కు "పంపు"తో ఉంది. ఉత్తరం పంపినవాడు ఇంట్లోనే ఉంటాడు, ఉత్తరమే పోతుంది. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాకు సూదిలాంటి నిర్మాణం ఒకటి ఉంది. దానితో బయటినుంచే ప్రోటీన్లను కణంలోకి ఎక్కించగలదు. అక్కడ "పంపుతుంది" అనవచ్చు, "ఎక్కిస్తుంది" ఇంకా బాగుంటుంది. మందును మోసుకుని బ్యాక్టీరియా తానే లోపలికి పోయే పద్ధతికి మాత్రం "చేరవేస్తుంది" అనాలి.

లోపలికి పోయాక కూడా మాట జాగ్రత్తగా వాడాలి. బ్యాక్టీరియా నేరుగా కణద్రవ్యంలో, అంటే కణం లోపలి ద్రవంలో, పడదు. కణం పైపొర దాన్ని చుట్టి సంచిలా మూసేస్తుంది. తర్వాత ఆ సంచిలో ఆమ్లగుణం పెంచి, జీర్ణం చేసే లైసోజోములతో కలుపుతుంది. మందు అక్కడే చిక్కుకుంటే కణం లోపల ఉన్నట్టే, పనిచేసే చోటికి చేరనట్టే. "కణంలోకి చేరింది" అని ఆపేస్తే సగమే చెప్పినట్టు.

1998లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ఈ అడ్డు దాటి క్షీరద కణాలలోకి జన్యువును చేరవేశారు. ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో రెండు కొత్త జన్యువులు పెట్టారు. యెర్సీనియా అనే మరో బ్యాక్టీరియా నుంచి తెచ్చిన జన్యువు ఇన్వేసిన్ అనే ప్రోటీన్ చేస్తుంది. అది కణం పైనున్న ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని లోపలికి దారి చూపుతుంది. లిస్టీరియా అనే ఇంకో బ్యాక్టీరియా నుంచి తెచ్చినది లిస్టీరియోలైసిన్ అనే ప్రోటీన్‌ను చేస్తుంది. పైగా, తన చుట్టూ గోడ కట్టుకోవడానికి కావలసిన డైఅమైనోపిమెలిక్ ఆమ్లాన్ని సొంతంగా చేసుకోలేని రకాన్ని ఎంచుకున్నారు. ప్రయోగశాలలో పెంచేటప్పుడు దాన్ని బయటినుంచి అందిస్తారు. క్షీరద కణాలలో అది దొరకదు. గోడ నిలవక బ్యాక్టీరియా సంచిలోనే పగిలిపోతుంది. అప్పుడు బయటపడ్డ లిస్టీరియోలైసిన్ సంచికి తూట్లు పొడుస్తుంది, సరుకు కణద్రవ్యంలోకి జారుతుంది. ఆ ప్రోటీన్ ఆమ్లం ఉన్నచోట బాగా చురుకు, సంచి బయట అంత ఆమ్లం ఉండదు, అందుకే కణం పైపొర చాలావరకు నిలుస్తుంది. బ్యాక్టీరియా పగలకపోతే సరుకు బయటికి రాదు, అది లోపల పెరుగుతూ పోయే ప్రమాదమూ ఉంది.

ఇక్కడ "బ్యాక్టీరియా పగిలిపోతుంది" అనాలి, "పగలగొడుతుంది" అనకూడదు. తూట్లు పొడిచేది లిస్టీరియోలైసిన్, తూట్లు పడేది సంచికి. కర్త మారితే జీవశాస్త్రమే మారుతుంది. బ్యాక్టీరియా కూడా ఒక కణమే కాబట్టి ఉత్త "కణం" అనకుండా "శరీర కణం" అనండి: "మార్చిన బ్యాక్టీరియా శరీర కణంలోకి మందును చేరవేస్తుంది."

మీ శీర్షికనూ దిద్దాలి. "పంపిన మనిషి", "పంపిన ఉత్తరం" రెండూ తెలుగే. ధాతుజ విశేషణం తన పక్కనున్న నామం కర్తో కర్మో చెప్పదు. "కణంలోకి పంపే బ్యాక్టీరియా" అంటే పంపేది బ్యాక్టీరియానా, బ్యాక్టీరియానే ఎవరైనా పంపుతున్నారా? "శరీర కణంలోకి మందును చేరవేసే బ్యాక్టీరియా" అని కర్మను పక్కనే రాస్తే ఆ అనుమానం రాదు.