సెల్లార్‌లో ఆఫీసు పెట్టుకోమంటారా?

ప్రశ్న: మాది నెల్లూరు. పెన్నకు దగ్గర్లో మామయ్య కట్టించిన ఇల్లు. నాకు 35 ఏళ్లు. ఐదేళ్లుగా హాల్లో ఓ మూల టేబుల్ వేసుకుని షాపులకు, రెండు రైసు మిల్లులకు జీఎస్టీ రిటర్నులు వేస్తున్నాను. పార్టీలు (నాతో లెక్కలు వేయించుకునే వ్యాపారులు) వస్తే అత్తయ్య టీవీ కట్టేసి లోపలికి వెళ్లాలి. ఆవిడకు అదొక కోపం. 20వ తేదీన నేను త్రీబీ (నెలవారీ జీఎస్టీ రిటర్ను) వేస్తుంటే, ‘ఖాళీగానే ఉన్నావుగా, పొయ్యి మీద పాలు చూడు’ అంటారు అత్తయ్య. బంగారం మీద 4 లక్షలు లోన్ తీసుకుని ఇంటి కింద సెల్లార్‌ని ఆఫీసు చేసుకుందామని మావారి ఆలోచన. మామయ్య వద్దంటే వద్దంటున్నారు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆయన నులక మంచం వేసుకుని పడుకునేది అక్కడే. ఆ చోటు పోతుందనే అడ్డు చెబుతున్నారేమో. పది రోజులుగా నాకూ మామయ్యకూ మాటల్లేవు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో సెల్లార్ కన్నా ఆ పాలగిన్నె దగ్గరే నా మనసు ఆగిపోయింది. 20వ తేదీ దాటితే లేటు ఫీజు, వడ్డీ పార్టీ మీద పడతాయి. పార్టీ వచ్చి మిమ్మల్ని అడుగుతాడు. ఆ టెన్షన్ మీ ఇంట్లో ఎవరి కంటికీ ఆనదు. కోడలు కుర్చీలో కూర్చుని ఉంది కాబట్టి ఖాళీగా ఉన్నట్టే లెక్క! ఐదేళ్లుగా ఆ మాట పడుతూ పని చేసుకొస్తున్నారంటే మీ ఓపికకు దండం పెట్టాలి.

అయితే ఆ పిలుపు సెల్లార్‌లోకి వెళ్లినంత మాత్రాన ఆగదు. మెట్ల మీద నిలబడి పిలుస్తారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇది చాలాసార్లు విన్నాను. గది తయారవుతుంది, బోర్డు కూడా పెడతారు, పిలుపు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే అప్పు చేసే ముందు ఒక పని జరగాలి, అది మీవారు చేయాల్సిన పని. ప్రతి నెలా రిటర్నుల ఒత్తిడి ఉండే 10, 11, 19, 20 తేదీల్లో తన భార్య ఆఫీసులో ఉన్నట్టేనని, ఆ నాలుగు రోజులూ పాలు, పిల్లల టిఫిను తాను చూసుకుంటానని ఆయనే వాళ్లమ్మతో చెప్పాలి. మీరు చెబితే ఎదురు మాట్లాడినట్టు ఉంటుంది. కొడుకు చెబితే ఆవిడ కాసేపు మూతి ముడుచుకుని ఊరుకుంటారు.

ఇక మామయ్యగారి సంగతి. మంచం కోసమే వద్దంటున్నారని మీరు అనుకుంటున్నారు. కొంత అదీ ఉండొచ్చు. రోహిణి కార్తె ఎండలకు నెల్లూరులో పెద్దాయన చల్లగా నడుం వాల్చే చోటును తక్కువ చేసి చూడకండి. కానీ ఒక్కటి అడుగుతాను. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు మీ సెల్లార్ ఎలా ఉంది? నీళ్లు ఎంత ఎత్తు నిలిచాయి? మోటారు పెట్టి ఎన్ని రోజులు తోడారు? ఇవన్నీ తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఆయనే. వద్దన్న మాట మీకు వినబడింది, ఎందుకు వద్దంటున్నారో ఇంకా ఎవరూ కూర్చుని అడిగినట్టు లేదు.

మన జిల్లాలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఎండల్లో చూసిన సెల్లార్ పొడిగా, ముచ్చటగానే ఉంటుంది. వరదే రానక్కర్లేదు, వారం రోజులు ముసురు పడితే చాలు, నేలలోంచి ఊట మొదలవుతుంది. గోడ అడుగున ఉప్పు పూసినట్టు తెల్లగా పొడి రాలుతుంటే చెమ్మ ఉందని గుర్తు. కార్తీకంలో ఒక పని చేయండి. మూరెడు పాలిథిన్ షీటు తీసుకుని నాలుగు అంచులా టేపు వేసి గోడకు అతికించండి. రెండు రోజులాగి చూడండి. షీటుకు గోడవైపు నీటిబొట్లు పడితే ఆ తడి గోడలోంచి వస్తున్నదే. పైన టైల్స్, ఫాల్స్ సీలింగ్ వేసినా అది ఆగదు.

మీ పనికి ఇది మరీ ముఖ్యం. జీఎస్టీ లెక్కల పుస్తకాలు, బిల్లులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రంగా ఉంచాలని మీకు నేను చెప్పక్కర్లేదు. మిల్లు వాళ్ల ఫైళ్లు మీ చేతిలో తడిస్తే వాళ్లకేం జవాబు చెబుతారు?

సెల్లార్‌లు మామూలుగా పార్కింగ్ కిందే పాసవుతాయి కాబట్టి మీ ఇంటి ప్లాన్ ఒకసారి ఇంజనీరుకు చూపించండి. ఆఫీసుకు వాడితే కరెంటు మీటరు కమర్షియల్‌లోకి మారొచ్చు, అదీ లెక్కలో వేసుకోండి.

నన్నడిగితే ఈ ఏడాది ఆ బంగారాన్ని బీరువాలోనే ఉండనివ్వండి. వీధి వరండా ఉంటే దానికి తలుపు బిగించి టేబుల్ అక్కడికి మార్చండి. లేదంటే దగ్గర్లో చిన్న గది అద్దెకు తీసుకోండి. పార్టీలు ఇంట్లోకి రాకుండానే పని ముగించుకుని వెళతారు, అత్తయ్యగారి టీవీ ఆగదు. డిసెంబరు దాటాక కూడా సెల్లార్ పొడిగానే ఉంటే అప్పుడు మళ్లీ మాట్లాడుకోండి. అప్పుడు కూడా మంచానికి ఓ మూల వదలండి.

ఈలోగా ఈ నెల 20 దాటాక ఓ సాయంత్రం ఫోను పైనే పెట్టేసి, మామయ్యగారిని వెంటబెట్టుకుని కిందికి దిగండి. ‘మామయ్యా, అప్పుడు నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి?’ అని అడగండి. గోడ మీద ఆ మచ్చను ఆయన చేత్తోనే చూపించనివ్వండి.