ఆరోగ్య బీమా కొనబోతున్న మేనల్లుడికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు ప్లాన్ల కాగితాలూ రాత్రి కూర్చుని మొత్తం చదివాను. నిన్ను, అమ్మాయిని, పాపని, అన్నయ్యని, వదినని అందరినీ కలిపి ఒకే పది లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్‌లో వేస్తే చవగ్గా వస్తుందని ఏజెంట్ అన్నాడట. ఆ పని మాత్రం చెయ్యకు నాన్నా. ఫ్లోటర్‌కి ప్రీమియం లెక్క కట్టేది ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ వయసుని బట్టి. అన్నయ్యకి 66. ఆయన వయసు లెక్కన నీ ప్రీమియం కూడా ఏటేటా పెరుగుతుంది. పైగా ఆయనకి జూన్‌లో పెద్ద ఆపరేషన్ ఏదైనా పడితే, నవంబరులో పాపకి డెంగ్యూ వచ్చేసరికి ఆ పది లక్షల్లో మిగిలేది ఎంతో ఆలోచించు. మీ ముగ్గురికీ ఒక ఫ్లోటర్ తీసుకో. అన్నయ్యకి, వదినకి ఎవరిది వాళ్ళకి విడిగా తీసుకో.

కొత్తపేటలో ఒక ఆసుపత్రి ఇన్సూరెన్స్ కౌంటర్లో పంతొమ్మిదేళ్ళు కూర్చున్నాను. అక్కడ ఎక్కువమంది కళ్ళనీళ్ళు పెట్టుకున్నది డిశ్చార్జి రోజున. వాళ్ళకి పాలసీ ఉంది, క్లెయిమూ వచ్చింది, అయినా చేతినుంచి వేలకి వేలు కట్టాల్సి వచ్చింది. కారణం చాలాసార్లు ఒకటే, రూమ్ రెంట్ పరిమితి. నువ్వు పంపిన రెండో ప్లాన్‌లో ఆరో పేజీలో ఉంది చూడు, రోజుకి బీమా మొత్తంలో ఒక శాతం అని. మూడు లక్షల పాలసీ అంటే గదికి మూడు వేలు. నువ్వు ఆరు వేల గదిలో ఐదు రోజులు ఉన్నావనుకో. తేడా పదిహేను వేలేగా, కట్టేద్దాం అనుకుంటావు. లెక్క అక్కడితో ఆగదు. పాలసీ ఒప్పుకునేది నీ గది అద్దెలో సగమే కాబట్టి డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఖర్చులకి కూడా సగమే ఇస్తారు. అవన్నీ కలిపి లక్షా ఇరవై వేలైతే అరవై వేలు నీ మీద పడతాయి. మందులకి, పరీక్షలకి ఆ కోత ఉండదు. అయినా మొత్తం డెబ్భై ఐదు వేలు జేబులోంచి పోయాయి. అందుకే రూమ్ రెంట్ పరిమితి లేనిదో, కనీసం సింగిల్ ఏసీ గదికి ఒప్పుకునేదో తీసుకో. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా కొనే ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు కదా, ఆ మిగిలింది ఇక్కడ పెట్టు.

కంపెనీ వాళ్ళు మూడు లక్షలకి చేశారు, సొంతది ఎందుకు అని అమ్మాయి అడిగిందన్నావు. ఉన్నన్నాళ్ళు హాయిగా వాడుకోండి. కానీ అది ఉద్యోగంతోనే పోతుంది. నలభై ఐదేళ్ళకి ఉద్యోగం మారి, అప్పటికి షుగరు వచ్చి ఉంటే, కొత్త పాలసీలో దానికి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా ఆ జబ్బుకి డబ్బు రాదు. ఆ లెక్క ఇప్పుడే మొదలవనీ. హెర్నియా, కంటి శుక్లాలు లాంటి వాటికి కూడా మామూలుగా రెండేళ్ళు ఆగమంటారు.

పెద్ద మొత్తానికి బేస్ పాలసీ, అంటే మొదటి అసలు పాలసీ, భారమైతే, ఐదు లక్షల బేస్, దాని మీద ఐదు లక్షల డిడక్టిబుల్‌తో సూపర్ టాప్-అప్ తీసుకో. డిడక్టిబుల్ అంటే ఆ మొత్తం దాటాకే ఈ పై పాలసీ డబ్బు ఇస్తుంది. ఉత్త టాప్-అప్ వద్దు. ఒకే ఏడాదిలో నాలుగేసి లక్షల బిల్లు రెండుసార్లు వచ్చిందనుకో. టాప్-అప్ ఏ బిల్లుకి ఆ బిల్లు విడిగా చూసి, ఐదు దాటలేదని రూపాయి ఇవ్వదు. సూపర్ టాప్-అప్ ఏడాది బిల్లులన్నీ కూడి, ఎనిమిదిలో ఐదు పైన ఉన్న మూడు లక్షలూ ఇస్తుంది. పేర్లు దగ్గరగా ఉంటాయి, జాగ్రత్త.

అన్నయ్య పాలసీ దగ్గర కో-పే చూడు. 20 శాతం అంటే ప్రతి బిల్లులో అయిదో వంతు మనదే. అంతకన్నా తక్కువది దొరికితే ప్రీమియం కాస్త ఎక్కువైనా నేను అదే తీసుకుంటాను. మా అమ్మకి, అంటే మీ నానమ్మకి, డెబ్భై దాటి చాలా కాలమైంది కాబట్టి ఆమెకి కొనాల్సిన పని లేదు. 2024లో కేంద్రం డెబ్భై నిండిన అందరికీ ఆదాయంతో పని లేకుండా ఏడాదికి ఐదు లక్షల దాకా ఉచిత వైద్యానికి ఆయుష్మాన్ కార్డు పెట్టింది. ఆధార్ తీసుకెళ్ళి నమోదు చేయించు.

ఇప్పుడు చెప్పబోయేది నాకు రాయడానికి కష్టంగా ఉంది. 2011లో మీ మావయ్యకి గుండెపోటు వచ్చినప్పుడు మాకు పాలసీ ఉంది. ఫారంలో ఆయన బీపీ రాయలేదు. రాస్తే ప్రీమియం పెరుగుతుందమ్మా అన్నాడు ఏజెంట్. రోజూ క్లెయిములు చూసే నేనే సరేనన్నాను. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు అడిగితే ఎనిమిదేళ్ళుగా బీపీ ఉందని ఆయన నిజం చెప్పారు. అది కేస్ షీట్‌లోకి ఎక్కింది, క్లెయిము తిరిగి వచ్చింది. నా గాజులు, గొలుసు తాకట్టుకి వెళ్ళాయి. మనిషి దక్కారు, అది చాలు. అయితే ఆ రెండు వారాలు నేను పడ్డ వేదన మీ ఇంట్లో ఎవరూ పడకూడదు. అన్నయ్యకి పన్నెండేళ్ళుగా షుగరు, వదినకి థైరాయిడ్. రెండూ ఉన్నవి ఉన్నట్టు రాయి. ఐదేళ్ళు ఆపకుండా కడితే ఆ తర్వాత, మోసం అని రుజువైతే తప్ప, చెప్పలేదనే కారణంతో కంపెనీ క్లెయిము తిప్పి పంపడానికి వీల్లేదు. అలాగని ఆ ఐదేళ్ళు దాటిపోతాయిలే అనే ధైర్యంతో దాచకు.

సూర్యారావుపేటలో మీరు మామూలుగా వెళ్ళే ఆసుపత్రికి ఆ కంపెనీ క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే ఏర్పాటు, ఉందో లేదో స్వయంగా కౌంటర్లో అడుగు. జాబితాలు మారుతూ ఉంటాయి.

ఫారం ఏజెంట్‌తో నింపించకు, నువ్వే నింపు. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే వెనక్కి ఇవ్వడానికి ముప్పై రోజుల గడువుంటుంది, ఆ లోపల మొత్తం చదువు. వచ్చే ఆదివారం ఇటు రా, కలిసి చదువుదాం. అన్నయ్య మందుల చీటీలు, పాత రక్తపరీక్షల కాగితాలు మర్చిపోకుండా తీసుకురా.

ఇట్లు,
అత్తయ్య