సుడిదోమతో పాటు సాలీళ్లూ ఉన్నాయి, మళ్లీ మందు కొట్టాలా?

ప్రశ్న: అయ్యా, మాది పశ్చిమ గోదావరి జిల్లా. మూడెకరాల్లో స్వర్ణ రకం వరి వేశాను, నాటి 65 రోజులైంది. ఆకుముడతకని ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన మందు రెండు దఫాలు కొట్టాను. ముడత తగ్గింది గానీ ఇప్పుడు మొదళ్లలో రసం పీల్చే సుడిదోమ దుబ్బుకు పది పన్నెండు కనిపిస్తోంది. దాంతో పాటు దుబ్బుకొక సాలీడు, పచ్చటి చిన్న నల్లులు కూడా ఉన్నాయి. అసలు మందే కొట్టని పక్క చేలో దోమ తక్కువగా ఉంది. అన్నిటికీ కలిపి గట్టి మందు కొట్టమంటారా?

జవాబు: ఇప్పుడే కొట్టకండి. మీరు చెప్పిన పచ్చటి నల్లులు చాలావరకు మిరిడ్ నల్లులే అయి ఉంటాయి. పచ్చటి ఒంటి మీద నల్ల మచ్చలతో, చురుగ్గా పరిగెడుతుంటే అవే. దోమ గోధుమ రంగులో ఉండి, నీటి మట్టానికి కాస్త పైన మొదలును అంటిపెట్టుకుని ఉంటుంది. అది గుడ్లను ఆకు తొడుగు లోపల దాస్తుంది. మీ స్ప్రేయరు మందు అక్కడిదాకా పోదు. మిరిడ్ నల్లి మాత్రం తొడుగులోకి ముక్కు దించి గుడ్ల రసం పీల్చేస్తుంది, రోజుకు ఏడెనిమిది దాకా. ఇక సాలీడు రోజుకు 5 నుంచి 15 పురుగులను పట్టి తింటుంది.

పక్క చేలో దోమ ఎందుకు తక్కువో ఇందులోనే ఉంది. మీ మందుకు పైన తిరిగే సాలీళ్లు, నల్లులు ముందు చాలావరకు చచ్చాయి. తొడుగులోని గుడ్లు మిగిలాయి. వారం తొమ్మిది రోజుల్లో అవి పొదిగేసరికి తినేవాళ్లు తగ్గిపోయారు. దోమ నెల తిరక్కుండానే ఒక తరం పూర్తి చేస్తుంది, ఒక్కో ఆడది రెండు వందలకు పైగా గుడ్లు పెడుతుంది. సాలీడుకు అంత వేగం లేదు, దాని బతుకే మూడు నాలుగు నెలలు. అందుకే మందు కొట్టిన ప్రతిసారీ దోమే ముందు కోలుకుంటుంది. పైగా మీరు కొట్టిన సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్లు తక్కువ మోతాదులో తగిలితే దోమ గుడ్లు ఇంకా ఎక్కువ పెడుతుందని పరిశోధనల్లో తేలింది. జావాలో ఇలాగే మందులతో దోమ పెరిగి పంట పోతుంటే, ఇండోనేషియా ప్రభుత్వం 1986లో 57 మందులను వరి మీద వాడకుండా నిషేధించింది.

ఇంకో సంగతి, వచ్చే పంటకు పనికొస్తుంది. నాటిన తొలి రోజుల్లో మడిలో దోమ ఉండదు కదా, సాలీడు ఏం తిని బతుకుతుంది? కుళ్లిన గడ్డీగాదం మీద, నీటిలో పెరిగే చిన్న చిన్న పురుగులను తిని. అలా ముందే బలం పుంజుకుని ఉంటేనే దోమ దిగిన రోజున పట్టగలదు. తొలి 40 రోజుల్లో ఆకు నాలుగు చోట్ల ముడుచుకుందని మందు కొడితే ఆ కూడు, సాలీడు రెండూ పోతాయి. ఆ ముడతను పైరు చాలావరకు తానే పూడ్చుకుంటుంది.

ఇప్పుడు చేయాల్సింది లెక్క. మడికి అయిదు చోట్ల, చోటుకు నాలుగు దుబ్బులు పట్టి చూడండి. సాలీళ్లు లేకపోతే పిలకకు ఒక దోమ దాటగానే మందు కావాలి. దుబ్బుకొక సాలీడుంటే పిలకకు రెండు దాకా ఆగవచ్చు. మీ దుబ్బుకు పన్నెండు పిలకలున్నాయనుకుంటే ఇంకా వెసులుబాటు ఉన్నట్టే. స్వర్ణ దోమను తట్టుకునే రకం కాదు కాబట్టి మూడు నాలుగు రోజులకోసారి చూడటం మానొద్దు. నీరు తీసి మడిని ఆరనిచ్చి మళ్లీ పెట్టండి. యూరియా ఆపండి. పాయలు తీసి మొదళ్లకు గాలి, వెలుతురు తగలనివ్వండి.

హద్దు దాటితే లీటరు నీటికి పైమెట్రోజైన్ 0.6 గ్రాములు గానీ, డైనోటెఫ్యూరాన్ 0.4 గ్రాములు గానీ కలిపి మొదళ్లు తడిసేలా కొట్టండి. రెండూ కలపొద్దు. దుకాణంలో పైరిత్రాయిడ్ కలిపిన మందు ఇస్తే తీసుకోవద్దు. వచ్చే సార్వాకు మారుటేరు వరి పరిశోధనా స్థానం రకాల్లో దోమను తట్టుకునే ఎం.టి.యు. 1061, ఎం.టి.యు. 1064 చూడండి. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలండి.