పక్షవాతానికి సీటీ తీశాక మళ్లీ ఎంఆర్ఐ ఎందుకు?

నిద్ర లేచేసరికి నాన్నగారికి కుడి చెయ్యి పడిపోయి మాట తడబడుతోందని, అనకాపల్లి నుంచి విశాఖ తీసుకొస్తే సీటీలో ఏమీ లేదన్నారని, వెంటనే మళ్లీ ఎంఆర్ఐ తీయించారని రాశారు. ముందే ఎంఆర్ఐ తీస్తే ఒక స్కాన్ డబ్బులు మిగిలేవి కదా, ఇదంతా దోపిడీయేనా అని మీ ప్రశ్న. నేను విశాఖలోనే చాలా ఏళ్లుగా సీటీ, ఎంఆర్ఐ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మీరు చెప్పినంతవరకు చూస్తే వాళ్లు సరైన వరసలోనే వెళ్లారు.

పక్షవాతం కేసు రాగానే డాక్టరు ముందు తేల్చుకోవాల్సింది మెదడులో రక్తం కారిందా, లేక రక్తనాళం మూసుకుపోయిందా అన్నది. మూసుకుపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. అదే ఇంజెక్షన్ రక్తం కారినవాళ్లకు పడితే ప్రాణం మీదకొస్తుంది. కొత్తగా కారిన రక్తం సీటీలో తెల్లగా కనిపిస్తుంది కాబట్టి ఆ సంగతి నిమిషాల్లో తేలిపోతుంది. 1971 అక్టోబరులో లండన్‌లో, సీటీని కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ యంత్రం మీద మొదటి రోగికి తల సీటీ తీసినప్పుడు ఒక్కో పొరకే నిమిషాలు పట్టేది. ఇప్పుడు మనిషిని టేబుల్ మీద సరిగ్గా పడుకోబెట్టడానికే ఎక్కువ టైమ్ పడుతోంది. రేడియేషన్ గురించి కూడా భయం అక్కర్లేదు. తల సీటీకి సుమారు 2 మిల్లీసీవర్టులు (రేడియేషన్‌ను కొలిచే లెక్క). ప్రకృతి నుంచి మనకు ఏడాదికి సగటున అందేదే 2.4.

మీకు ‘ఏమీ లేదు’ అన్నారంటే రక్తస్రావం లేదని. రక్తనాళం మూసుకుపోయిన రకం స్ట్రోక్ (పక్షవాతం) మొదటి గంటల్లో సీటీలో చాలాసార్లు కనపడదు. ఎంఆర్ఐలో డిఫ్యూజన్ అనే పద్ధతి దాన్ని పట్టేస్తుంది. రక్తం అందని కణాలు ఉబ్బిపోయి, వాటి దగ్గర నీటి కదలిక మందగిస్తుంది. ఆ చోటు తెల్లగా వెలిగినట్టు కనిపిస్తుంది.

మీ నాన్నగారి విషయంలో అసలు చిక్కు వేరే ఉంది. ఆ ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటల గడువు. నిద్రలో వచ్చిన స్ట్రోక్‌కు గడువు ఎప్పటి నుంచి లెక్కేయాలి? రాత్రి బాగా ఉండి పడుకున్న టైమ్ నుంచే లెక్కేస్తారు. అలా చూస్తే పొద్దున్న లేచేసరికే గడువు దాటిపోయేది. ఇదివరకు ఇలాంటివాళ్లకు ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లు కాదు. ఎంఆర్ఐలో ఫ్లెయిర్ అని ఇంకో బొమ్మ ఉంటుంది. దెబ్బతిన్న చోటు అందులో తేలడానికి కొన్ని గంటలు పడుతుంది. డిఫ్యూజన్‌లో కనిపించి ఫ్లెయిర్‌లో ఇంకా కనిపించకపోతే, స్ట్రోక్ వచ్చి ఎక్కువ సేపు కాలేదని అర్థం. ఇలా ఎంపిక చేసిన రోగులకు ఇంజెక్షన్ మేలు చేస్తుందని 2018లో యూరప్‌లో వేక్-అప్ ట్రయల్ (రోగుల మీద చేసిన అధ్యయనం) చూపించింది. దాదాపు అదే సమయంలో వెలువడిన డాన్, డిఫ్యూజ్ 3 ట్రయల్స్ తర్వాత, పెద్ద రక్తనాళం మూసుకున్న కొందరికి స్కాన్ చూసి 24 గంటల వరకూ గడ్డను బయటికి లాగుతున్నారు. అరకు నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు వచ్చేసరికే మూడు గంటలు గడిచిపోయే మన ప్రాంతానికి ఇది చాలా పెద్ద మార్పు. నా కళ్లముందు ఇంతకంటే మంచి మార్పు రాలేదు.

ఎంఆర్ఐ గది బయట మేము ఆదరాబాదరాగా అడిగేవి చూసి చాలామంది విసుక్కుంటారు. మొన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, “ఇందాక ఏటీ లేదన్నారు కదా బాబూ, మళ్లీ ఇదేటి?” అంటూనే భర్త మొలతాడు విప్పుతున్నారు. దానికి తాయెత్తు, వెనకాల ఒక పిన్నీసు ఉన్నాయి. ఆ పిన్నీసు లోపలికి వెళ్తే ఎంఆర్ఐ యంత్రంలోని పెద్ద అయస్కాంతం లాగేస్తుంది. యంత్రం ఆపి ఉన్నా అయస్కాంతం ఆగదు. ఆడవాళ్లయితే మంగళసూత్రం తీయడానికి ఇబ్బంది పడతారు. పసుపు కొమ్ము కట్టిన దారం వేసుకుని రావచ్చు, దానితో ఏ సమస్యా లేదు. గుండెకు పేస్‌మేకర్ ఉందా, పాత ఆపరేషన్లో క్లిప్పులు వేశారా అన్నది మాట పడిపోయిన రోగి చెప్పలేరు. మీరే చెప్పాలి.

డబ్బు విషయంలో మీ అనుమానం పూర్తిగా తప్పని అనను. ఒకచోట తీసిన ఎంఆర్ఐని ఇంకోచోట తెరిచి కూడా చూడకుండా రెండు రోజుల్లో మళ్లీ తీయించిన సందర్భాలు చూశాను, బాధేసింది. అందుకే ఫిల్ములతో సరిపెట్టుకోకండి. సీటీ, ఎంఆర్ఐ రెండూ సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో వేయించుకోండి. ఫిల్ము మీద ఉండేవి ఏరిన బొమ్మలే, సీడీలో అన్నీ ఉంటాయి. ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు మెడలోని రక్తనాళాలు ఎలా ఉన్నాయో చూసే డాప్లర్ గానీ యాంజియో గానీ అయిందా అని అడగండి. గడ్డ అక్కడి నుంచే వచ్చి ఉంటే దానికి వేరే వైద్యం చేయాల్సి రావచ్చు.