సూర్యాస్తమయం కంటే ముందు వంకాయ

ప్రశ్న: నాకు యాభై రెండేళ్లు. చిన్నప్పుడు వదిలేసిన బొమ్మలు గీయడం మళ్లీ మొదలుపెట్టాను. వీడియోలు చూస్తూ వాటర్ కలర్స్‌తో సూర్యాస్తమయాలు వేస్తుంటే రంగులు బురదగా మారుతున్నాయి, కాగితం ఉబ్బిపోతోంది. ఎదురుగా ఉన్న వస్తువును చూసి వేయబోతే చేయి ఆడడం లేదు. ఏ బొమ్మలతో మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: కొన్నాళ్లపాటు సూర్యాస్తమయాల జోలికి వెళ్లకండి. నారింజ, నీలం ఒకదానికొకటి ఎదురు రంగులు కావడం వల్ల, తడి మీద అవి కలిసిన చోటల్లా మట్టిరంగు తేలుతుంది. కొత్తవారి ఆకాశం పాడయ్యేది సాధారణంగా అక్కడే. అసలు మీకు ముందుగా పట్టుబడవలసింది రంగు కాదు, వెలుగునీడల తేడా.

నల్లటి గుండ్రని వంకాయను కిటికీ పక్కన తెల్లని గుడ్డ మీద పెట్టి, లైట్లన్నీ ఆర్పి, పెన్సిల్‌తో వేయండి. హెచ్‌బితో ఆకారం తేలికగా గీసుకుని, మధ్యస్థమైన నీడకు 2బి, చిక్కటి నీడకు 6బి వాడండి. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు మరుగునపడి నీడలు మాత్రమే కనిపిస్తాయి. కిటికీ వెలుగు పడి మెరిసే చోట పెన్సిల్ తగలనివ్వకుండా కాగితాన్నే తెల్లగా వదిలేయాలి. నీడవైపు అంచు దాకా నలుపు నింపేయాలనిపిస్తుంది గానీ, గుడ్డ మీది వెలుగు తిరిగి కాయ మీద పడడం వల్ల ఆ అంచున సన్నటి లేత చార ఉంటుంది. దాన్ని గుర్తించి వదిలిన రోజున మీ వంకాయ గుండ్రంగా కనిపిస్తుంది. కాయ గుడ్డను తాకే చోటే అన్నిటికంటే నల్లగా ఉంటుంది.

తరువాత అదే వంకాయను ఇండిగో వంటి ఒకే ఒక్క రంగుతో వేయండి. మెరుపు ఉన్న చోటు వదిలి మొత్తానికి పలుచటి పూత వేసి, అది పూర్తిగా ఆరాక నీడల మీద రెండోది, ఇంకా చిక్కటి చోట్ల మూడోది వేయాలి. ఆరిందో లేదో తెలియకపోతే చేతి వెనుకవైపు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్లే. సగం ఆరిన పూతను కుంచెతో కెలకడం బురదకు రెండో కారణం.

మామూలు డ్రాయింగ్ షీటు అంత నీటిని తట్టుకోలేదు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఉండే మందపాటి వాటర్ కలర్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో అట్టకు అంటించుకోండి. కుంచెల సెట్టు అక్కర్లేదు, ఎనిమిదో నంబరు గుండ్రటి కుంచె ఒక్కటి చాలు. ఖర్చు పెట్టదలిస్తే కాగితం మీదే పెట్టండి.

రాజమహేంద్రవరం మీకు దగ్గరే కాబట్టి, అక్కడి దామెర్ల రామారావు చిత్రశాలకు ఒకసారి వెళ్లి రండి. 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూసిన ఆ చిత్రకారుడి బొమ్మల ఎదుట నిలబడి, కథను పక్కన పెట్టి, చిక్కదనం ఎక్కడ ఉంచారో, ఎక్కడ వెలుగు వదిలారో మాత్రమే చూడండి.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల బాబుకు పోస్టర్ కలర్స్ కొనాలా, అక్రిలిక్ కొనాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పోస్టర్ కలర్సే కొనండి. అక్రిలిక్ ఆరితే ప్లాస్టిక్ పొరలా గట్టిపడుతుంది. కడగడం మరిచిన కుంచె, మరక పడిన చొక్కా రెండూ పోయినట్లే. పెద్ద పెట్టె వద్దు, ఎరుపు, పసుపు, నీలం, తెలుపు సీసాలు మాత్రం ఇచ్చి, గళ్లు గీసిన కాగితం మీద వాటితో ఎన్ని రంగులు పుట్టించగలడో చూడమనండి.