సమాధానం: యూరప్ లా సెమిస్టర్‌ల ఏం చదవాలె?

తమ్మీ, మిర్యాలగూడ నుంచి నెదర్లాండ్స్‌కు ఒక్క సెమిస్టర్ పోతున్నవు, 30 క్రెడిట్లకు ఏం తీసుకోవాలె, వచ్చినంక మన కాలేజీ ఒప్పుకుంటదా అని అడిగినవు. ముందుగాల రెండోది. లెర్నింగ్ అగ్రిమెంట్ల, అంటె నువ్వు, రెండు కాలేజీలు సంతకం పెట్టే చదువు ఒప్పంద పత్రంల, ఒక్కో సబ్జెక్టు ఇక్కడి ఏ పేపర్‌కు బదులో రాయించి, విమానం ఎక్కకముందే సంతకం తీసుకో. నోటిమాట నమ్మకు. పబ్లిక్ ఇంటర్నేషనల్ లా (దేశాల నడుమ నడిచే చట్టం) మనకు తప్పనిసరి పేపరే గనుక దాన్ని కలుపుకునుడు సులువు.

ఈయూ (యూరోపియన్ యూనియన్) లా మాత్రం వదలకు. లక్సెంబర్గ్‌ల ఉన్నది ఈయూ కోర్టు. స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే వేరే దేశాల సంఘానిది, ఈయూది కాదు. చానమంది ఈడనే తడబడతరు. లక్సెంబర్గ్ కోర్టు ఇచ్చిన 1963 వాన్ గెండ్ ఎన్ లోస్, 1964 కోస్టా తీర్పులు ఇక్కడ ఉన్నప్పుడే చదువు. పౌరుడు తన దేశపు కోర్టులనే ఈయూ చట్టం పట్టుకొని వాదించొచ్చని మొదటిది, దేశ చట్టం కంటె అదే పైన అని రెండోది చెప్పినయి.